బొమ్మ కేకు కోసేదెట్లా, అందరికీ పంచేదెట్లా

గుండ్రటి కేకైతే ఎవరైనా కోస్తారు. అదే గౌనేసుకున్న బొమ్మో, రాకెట్టో, ఒంగోలు ఎద్దో బల్లమీదికొస్తే కత్తి ఎక్కడ పెట్టాలో తోచక చెయ్యి ఆగిపోతుంది. చుట్టూ ఫోన్లు లేచి ఉంటాయి, పిలకాయలు బల్లంచు పట్టుకుని వేలాడుతుంటారు. ఆ తొందరలో ఎవరో ఒకరు ఎలుగుబంటి మొహం నడిమధ్యకు కత్తి దించేస్తారు. పుట్టినరోజు పిల్ల ఏడుపందుకుంటుంది. ముక్కలు ముద్దలవుతాయి. ముందు నిలబడ్డవాళ్లకు గుప్పెడు, వెనకున్నవాళ్లకు ఉత్త క్రీమ్ దక్కుతుంది.

నేను నెల్లూరులో ఇంటి దగ్గరే ఆర్డర్ల మీద కేకులు చేసిస్తాను. ఒక ఆకారం కేకు చేయడానికి ఎంత ఆలోచన పెడతామో, కోయడానికీ అంత ఆలోచన ఉండాలని గట్టిగా నమ్ముతాను. గుర్తుపెట్టుకోవాల్సినవి రెండే. లోపల ఏముందో తెలుసుకున్నాకే కత్తి పట్టండి. కోత వెనకవైపు నుంచి మొదలుపెట్టి, మొహాన్ని ఆఖరికి ఉంచండి. మిగతాదంతా ఈ రెండింటి నుంచే వస్తుంది.

ఆర్డర్ ఇచ్చే రోజే అడగాల్సినవి

స్పాంజి మెత్తగా ఉంటుంది, ఎత్తు పెరిగేకొద్దీ తన బరువుకు తనే కుంగుతుంది. అందుకే అంతస్తుకీ అంతస్తుకీ మధ్య సన్నటి అట్ట పెట్టి, దాని కింద లావుపాటి ప్లాస్టిక్ స్ట్రాలో, చెక్క పుల్లలో దించుతాం. చెవులు, కొమ్ములు, రెక్కలు టూత్‌పిక్‌లతో గుచ్చుతాం. పంచదార పూల కాడల్లో తీగ ఉంటుంది. కొన్ని భాగాలు అసలు కేకే కాకపోవచ్చు. ఎత్తు చూపించడానికి అడుగున థర్మోకోల్ అంతస్తు పెట్టేవాళ్లున్నారు. తలకాయ గుండ్రంగా రావడానికి మరమరాలు చాక్లెట్లో కలిపిన ముద్ద వాడేవాళ్లున్నారు. ఇందులో దాచాల్సిందేమీ లేదు. కానీ అడగకపోతే చెప్పడం మరిచిపోతారు.

కాబట్టి కేకు తీసుకునేటప్పుడు నిలబెట్టి అడగండి. "అమ్మా, లోపల పుల్లలెన్ని పెట్టారు? ఎక్కడెక్కడ? తినకూడనివి ఏవి?" చెప్పిన లెక్క పెట్టె మూతమీదే పెన్నుతో రాయించుకోండి. నేనైతే మూత లోపలివైపు చిన్న పటం గీసి, పుల్ల ఉన్నచోట చుక్క పెట్టి ఇస్తాను. కోసేది మీరు కాకుండా మీ బావగారైనా, ఆ పటం చూస్తే చాలు.

తూకం సంగతి కూడా అప్పుడే తేల్చుకోవాలి. మామూలు క్రీమ్ కేకు కిలోకి పది పన్నెండు ముక్కలు వస్తాయి. ఫాండెంట్ అనే పంచదార ముద్ద తొడిగిన కేకులో ఆ ముద్ద బరువు కూడా తూకంలో కలుస్తుంది కాబట్టి, మనిషికి దక్కే స్పాంజి తగ్గుతుంది. బంధుబలగం ఎక్కువున్న ఇంటికి నేను చెప్పే సలహా ఒకటే. బొమ్మ కేకు రెండు కిలోలకు మించనివ్వకుండా, అదే రుచిలో నలుచదరం కేకు ఇంకోటి చేయించుకుని వంటింట్లో పెట్టుకోండి. దానికి అలంకారం ఖర్చుండదు, కోయడం తేలిక, బొమ్మ కేకు మీద ఒత్తిడి ఉండదు. శనివారం గుడ్డు ముట్టని పెద్దవాళ్లుంటే ఆ రెండో కేకును గుడ్డు లేకుండా చేయించవచ్చు. గుడ్డు లేని స్పాంజి కాస్త ఎక్కువగా రాలుతుంది, అందుకని దాని ముక్కలు రెండంగుళాల మందానికి తగ్గించకండి.

మన ఎండ, మన తేమ

రోహిణి కార్తెలో నెల్లూరులో, ఒంగోలులో మేడమీద షామియానా కింద క్రీమ్ కేకు పెట్టి గంటల తరబడి జనం కోసం కాచుకోవడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. గాలి 32 డిగ్రీలు దాటిందంటే క్రీమ్ ఉన్న కేకు గంటకు మించి బయట ఉండకూడదు. చల్లటి గదిలో అయినా రెండు గంటలే. కరిగి ఆకారం పోవడం ఒక్కటే కాదు, పిల్లల కడుపు చెడేది కూడా దీనివల్లే. మేనమామ ఇంకా కావలి దాటలేదంటే కేకు ఫ్రిజ్‌లోనే ఉండనివ్వండి, ఆయన గడపలో అడుగుపెట్టాక తీయండి.

క్రీమ్ కేకు చల్లగా ఉన్నప్పుడే గీత గీసినట్టు తెగుతుంది. బయటికి తీసిన పది పదిహేను నిమిషాల్లో కోసేయాలి. వెన్నతో చేసే బటర్ క్రీమ్ అయితే ఫ్రిజ్‌లో గట్టిపడి ఉంటుంది, అరగంట ముందు తీయకపోతే కత్తికి పెచ్చులుగా లేస్తుంది. ఫాండెంట్‌కు మాత్రం ఫ్రిజ్ పడదు. బయటికి తీయగానే మన ఉప్పుగాలి తేమ దానిమీద చెమటలా పట్టి, రంగులు జారి, వేలు తగిలినచోటల్లా మచ్చ పడుతుంది. దాన్ని ఏసీ గదిలో పెట్టుకుంటే చాలు. ఒకవేళ చెమట పట్టినా గుడ్డతో తుడవకండి, ఫ్యాను కింద దానంతటదే ఆరిపోతుంది. లోపల తాజా క్రీమ్, పళ్లు పెట్టి పైన ఫాండెంట్ తొడిగినదైతే ఫ్రిజ్ తప్పదు, ఆ కాస్త చెమటను ఓర్చుకోవాల్సిందే.

తీసుకెళ్లడం గురించి ఒక్కమాట. కేకు పెట్టె ఉండాల్సింది ఒళ్లో కాదు, సీటు మీద కాదు, కారు అడుగున సమతలంగా ఉన్నచోట. ఒళ్లో పెట్టుకుంటే మోకాళ్ల వాలుకు కేకు వాలుతుంది. పామూరు, ఉదయగిరి వైపు పల్లెలకు ఎత్తు కేకు తీసుకెళ్లాలంటే తలను, కొమ్ములను విడిగా చిన్న డబ్బాలో పెట్టించుకుని అక్కడికెళ్లాక గుచ్చుకోవడం మేలు.

బల్లమీద సిద్ధం చేసుకోవాల్సినవి

కేకుతోపాటు ఇచ్చే రంగుల ప్లాస్టిక్ కత్తి ఫొటోకే పనికొస్తుంది. అసలు కోతకు ఇంట్లో రెండు కత్తులు తీసి పెట్టుకోండి. సన్నగా పొడుగ్గా నున్నటి అంచున్నది క్రీమ్‌కు, రంపం పళ్లున్న బ్రెడ్ కత్తి ఫాండెంట్‌కూ రాలిపోయే స్పాంజికీ. పొడుగుపాటి చెంబులో వేడినీళ్లు, రెండు శుభ్రమైన గుడ్డలు, దోసె తిప్పే అట్లకాడ, ఊడదీసిన పుల్లలు వేయడానికి ఒక గిన్నె, పక్కన ఖాళీ పళ్లెం ఒకటి. పేపర్ ప్లేట్లు ముందే విడదీసి పేర్చుకోండి, జనం మీదపడ్డప్పుడు అవి ఒకదానికొకటి అంటుకుని రావు.

మనుషులు ఇద్దరు కావాలి. ఒకరు కోస్తారు, ఒకరు ముక్క ఎత్తి ప్లేటులో పెడతారు. కోసేవాళ్ల చెయ్యి క్రీమ్‌లో పడకపోతే ప్రతి ముక్కా శుభ్రంగా వస్తుంది.

కొవ్వొత్తులు, మంటలు

చిటపటలాడుతూ పైకి లేచే నిప్పురవ్వల కొవ్వొత్తి వాడితే కేకు మీద గుచ్చకుండా పక్కన చిన్న గ్లాసులో నిలబెట్టండి. అది రాల్చే బూడిద తినేది కాదు. ఆరిపోయాక గొట్టం వేడిగానే ఉంటుంది, నీళ్లలో ముంచి పక్కన పడేయండి. గ్యాస్ బెలూన్లు బల్లకు దూరంగా కట్టించండి, వాటిలో చాలాచోట్ల నింపేది హైడ్రోజన్, రవ్వ తగిలితే భగ్గుమంటుంది. నురుగు స్ప్రే డబ్బాలైతే ఇంట్లోకే రానివ్వకండి. అందులో నురుగును బయటికి తోసే గ్యాస్ మండేది. కొవ్వొత్తి వెలిగి ఉండగా స్ప్రే కొడితే పుట్టినరోజు పిల్ల జుట్టుకు, గౌనుకు నిప్పంటుకోవచ్చు. పైగా ఆ నురుగు పడ్డ కేకు ఎవరూ తినకూడదు.

కేకు తీసి మొహాన పులమడం కూడా ఆకారం కేకుతో అసలు వద్దు. ఆ క్రీమ్ వెనక టూత్‌పిక్ ఉంటుంది. మొహమంటే పక్కనే కన్నుంటుంది కదా. మీ ఇంటి పెద్దగా ఈ రెండు విషయాల్లో మొహమాటపడకుండా ముందే చెప్పేయండి.

మొదటి కోత

ఫొటో కోసం పిల్లవాడి చేత కోయించే ఆ మొదటి గాటు కేకు ముందు భాగంలో కాకుండా వెనక అంచున పెట్టించండి. ఫొటోలో మొహం చెక్కుచెదరకుండా కనిపిస్తుంది, మనకు కోత మొదలుపెట్టే చోటూ దొరుకుతుంది. అమ్మానాన్నలకు తినిపించే ముక్క అక్కడి నుంచే తీయండి. ఆ తర్వాత కేకును పిల్లల కళ్లముందు నుంచి పక్కబల్ల మీదికో వంటింట్లోకో మార్చేయండి. మూడు నాలుగేళ్ల పిల్లలకు ఆ ఎలుగుబంటి బొమ్మ కాదు, ప్రాణమున్నదే. "మామా, దాని తల కోయొద్దు" అని అడిగితే నవ్వి తోసేయకండి. తలను ఊడదీసి ఆ పిల్ల ప్లేటులో పెట్టి, "ఇది నీది, నీ దగ్గరే ఉంటది" అని చేతికివ్వండి. ఏడుపు అక్కడికక్కడే ఆగిపోతుంది. తినాలో దాచుకోవాలో తర్వాత తనే చూసుకుంటుంది.

ఇక కోత పద్ధతి. కత్తి చెంబులో ముంచి, తుడిచి, పైనుంచి నిటారుగా దించాలి. నొక్కకూడదు, ముందుకీ వెనక్కీ మెల్లగా లాగాలి. అడుగున అట్ట తగిలాక కత్తిని పైకి ఎత్తకుండా మీవైపుకు లాగి తీయండి, పైకెత్తితే క్రీమ్ కూడా లేచొస్తుంది. ప్రతి కోతకూ తుడవాలి. ఫాండెంట్‌ అయితే బ్రెడ్ కత్తితో ముందు పైతోలును రంపంలా తెంపి, తర్వాత లోపలికి దిగాలి. ఒకేసారి నొక్కితే పైతోలు లోపలికి కుంగి స్పాంజిని నలిపేస్తుంది.

గౌను బొమ్మ కేకు

మనవైపు ఆడపిల్లల పుట్టినరోజుకు ఎక్కువగా అడిగేది ఇదే, ఎక్కువగా చెడగొట్టేదీ ఇదే. పక్కనుంచి ముక్క తీయబోతే పైభాగం జారి మీదపడుతుంది. ఇట్లా చేయండి.

ముందు బొమ్మను తీసేయాలి. నడుం దగ్గర క్రీమ్ పట్టి ఉంటుంది కాబట్టి సన్నటి కత్తి మొనతో చుట్టూ ఒక గీత గీసి, బొమ్మను కొంచెం అటూ ఇటూ తిప్పుతూ నిటారుగా పైకి లాగండి. కాళ్లకు ప్లాస్టిక్ కాగితం చుట్టి ఉంటుంది, అది చిరిగి లోపల ఉండిపోలేదు కదా అని చూసుకోండి. బొమ్మను కడిగి తుడిచి పిల్ల చేతికిచ్చేయండి.

ఇప్పుడు మిగిలింది మధ్యలో బొక్క ఉన్న గుమ్మటం. రెండు కిలోలదైతే అడుగున ఎనిమిదంగుళాల వెడల్పు, ఆరంగుళాల ఎత్తు దాకా ఉంటుంది. సగం ఎత్తులో బ్రెడ్ కత్తి అడ్డంగా పెట్టి, కేకు చుట్టూ తిరుగుతూ లోపలికి కోసుకుంటూ రండి. మధ్యలో అట్ట ఉన్న కేకైతే సరిగ్గా ఆ అట్ట ఎత్తులోనే కోయాలి, అది పటంలో ఉంటుంది. అట్లకాడ ఒకటి, చెయ్యి ఒకటి కింద పెట్టి పైసగాన్ని ఖాళీ పళ్లెంలోకి మార్చండి. దాన్ని మామూలు గుండ్రటి కేకులా ఎనిమిది ముక్కలు చేయండి.

అడుగు సగంలో పుల్లలుంటే ఇప్పుడే లాగి గిన్నెలో వేయండి. తర్వాత నాలుగంగుళాల వెడల్పున్న గిన్నె మధ్యలో బోర్లించి తేలిగ్గా గుర్తు పెట్టుకుని, ఆ గుర్తు మీదే కత్తి నిటారుగా దించుతూ లోపలి గుండ్రం వేరు చేయండి. బయట మిగిలిన చుట్టు రెండంగుళాల మందం ఉంటుంది. దాన్ని రెండు వేళ్ల వెడల్పుకు కాస్త ఎక్కువగా కోసుకుంటూ పోతే పన్నెండు ముక్కలు వస్తాయి. లోపలి గుండ్రం నాలుగు. మొత్తం ఇరవై నాలుగు, దాదాపు ఒకే సైజు. గుమ్మటాన్ని పైనుంచి కిందికి త్రికోణాలుగా కోస్తే ఇదే కేకు పన్నెండు మందికి కూడా సరిగా రాదు. ఆ ముక్కలు ప్లేటులో నిలబడవు కూడా.

రాకెట్టు

శ్రీహరికోటలో రాకెట్ లేస్తే మేడెక్కి చూసే పిలకాయలు మనవాళ్లు. 2022లో జిల్లాలు మారి ఆ దీవి తిరుపతి జిల్లాలోకి వెళ్లినా, నెల్లూరు ఇళ్లలో రాకెట్ కేకు అడగడం మానలేదు. పడుకోబెట్టిన రాకెట్టయితే కోయడం తేలిక. తోకవైపు రెక్కలు ముందు ఊడదీయండి, అవి ఎక్కువగా ఫాండెంట్‌వో అట్టవో అయి ఉంటాయి. అక్కడి నుంచి ముక్కువైపుకు అంగుళంన్నర మందంతో అడ్డంగా కోసుకుంటూ రండి. వెడల్పు ఎక్కువుంటే ప్రతి ముక్కనూ మధ్యకు చీల్చండి. 2023 జులై 14న చంద్రయాన్-3ని మోసుకెళ్లిన ఎల్‌వీఎం-3 లాగా పక్కన రెండు బూస్టర్లున్న కేకైతే ముందు ఆ రెండింటినీ వేరుచేసి చక్రాలుగా కోయండి. అసలు రాకెట్టులోనూ మొదట విడిపోయేవి అవే. ఈ మాట చెప్పి ఒక్కో భాగం ఊడదీస్తుంటే కేకు ముక్కలవుతోందని ఏ పిల్లవాడూ బాధపడడు, వాళ్లే లెక్క చదువుతారు. ముక్కు భాగం పుట్టినరోజు వాడిది.

నిలబెట్టిన రాకెట్టు వేరే సంగతి. మధ్యలో కింది బోర్డుకు బిగించిన కడ్డీ ఉంటుంది. ఆ రాకెట్టును పక్కకు పడుకోబెట్టే ప్రయత్నం ఎప్పుడూ చేయకండి, నడిమికి విరుగుతుంది. పైనుంచి కిందికే రావాలి. ముక్కు తీసేసి, మొదటి అట్ట ఎక్కడుందో కత్తి మొనతో వెతికి, దాని కింద అట్లకాడ దూర్చి, ఆ అంతస్తు మొత్తాన్ని కడ్డీ పైనుంచి ఎత్తి పళ్లెంలో పెట్టి కోయండి. అది పంచడం అయ్యాకే రెండోది.

ఒంగోలు ఎద్దు, కారు, అంకెలు

ఎద్దు కేకు దాదాపు ఎప్పుడూ కూర్చున్నట్టే చేస్తాం, కాళ్లు మడిచి. కొమ్ములు, చెవులు ముందు తీయండి. ఒంగోలు జాతికి కొమ్ములు పొట్టివే అయినా వాటి వెనక పుల్ల పొడుగ్గా తలలోకి దిగి ఉంటుంది, తిప్పుతూ లాగాలి. మూపురం విడిగా చేసి పెట్టింది కాబట్టి అడుగున కత్తి పోనిచ్చి ఒక్కముక్కగా ఎత్తేయండి. దాన్ని నాలుగు చేస్తే నలుగురు పెద్దవాళ్లకు సరిపోతుంది. ఇక వెన్ను పొడవునా ఒక్క గాటు, తోక నుంచి మెడదాకా. తర్వాత వెనకనుంచి అడ్డంగా. తల ఆఖరున. పిల్లి, ఏనుగు, ఎలుగుబంటి ఏదైనా ఇదే వరస.

కారుకు చక్రాలు, అద్దాలు తీసి వెనక డిక్కీ నుంచి మొదలుపెట్టండి. పైకప్పు ఎత్తుగా ఉన్నచోట ముక్కను అడ్డంగా రెండు చేయకపోతే ఒకరికి కొండ, ఒకరికి గోరంత అవుతుంది.

అంకెల్లో ఒకటి సులువు, రెండేసి అంగుళాల పట్టీలు. వంపులున్న 2, 3, 5 మాత్రం అడ్డదిడ్డంగా కోస్తే కొసలన్నీ వృథా. వంపు వచ్చినచోట బండిచక్రం ఆకుల్లాగా కత్తి మొన ఎప్పుడూ వంపు లోపలికి చూస్తుండాలి. 8 అంకెను ముందు నడుం దగ్గర తెంపి రెండు గుండ్రాలు చేసుకోండి.

పంచడం

పిల్లలకు ముందు, కూర్చోబెట్టి ఇవ్వండి. మన ప్లేటులో కేకు పక్కనే మిక్చర్, చిప్స్, లడ్డు ఉంటాయి. కేకు ఒక అంచున పెట్టి, కారం సరుకు సరిగ్గా ప్లేటు చేతికిచ్చేటప్పుడే వేయండి. ముందే వేసి ఉంచితే క్రీమ్ తగిలి మెత్తబడుతుంది. మూడేళ్లలోపు పిల్లల ముక్కల మీద నుంచి వెండిరంగు పంచదార గుళ్లు, గట్టి చాక్లెట్ బొమ్మలు ఏరేయండి, గొంతుకు అడ్డం పడతాయి. నల్లరంగు, ముదురు నీలం ఫాండెంట్ పళ్లకూ బట్టలకూ పడుతుంది, కాబట్టి ఆ ముక్కతోపాటు ఒక కాగితం రుమాలు తప్పనిసరి. షుగరున్న తాతయ్యకు ఫాండెంట్ తోలు ఒలిచేసి సన్నటి స్పాంజి ముక్క పెట్టండి. ఆయన్ను వదిలేసి వెళ్లడం కంటే అదే మర్యాద. ఫాండెంట్ నచ్చక పక్కకు తీసిపెట్టేవాళ్లను బలవంతపెట్టాల్సిన పని లేదు.

షామియానా వేసినవాళ్లకు, వంటవాళ్లకు, డ్రైవరుకు వాటా ముందే తీసి వంటింట్లో పెట్టండి. చివరికి మిగిలితే ఇద్దామనుకుంటే మిగలదు.

మిగిలినది

గంటకు మించి ఎండలో ఉన్న క్రీమ్ కేకు మిగిలినా దాచకండి. చల్లగా ఉన్నదాన్ని మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో తినేయండి. మూత సరిగ్గా లేకపోతే చేపల పులుసు వాసన పడుతుంది. రాత్రికే ఊరెళ్లే చుట్టాలకు క్రీమ్ ముక్కలు కట్టివ్వకండి, బస్సులో ఒంగోలు చేరేలోపే పాడవుతాయి. క్రీమ్ లేని స్పాంజి ముక్కలైతే ఇవ్వవచ్చు.

బోర్డు చెత్తలో వేసేముందు గిన్నెలోని పుల్లలు, స్ట్రాలు, తీగలు లెక్కపెట్టి, మూతమీద రాసుకున్న లెక్కతో సరిచూడండి. ఒక్కటి తక్కువైనా డబ్బాలో పెట్టిన ముక్కలన్నీ ఫోర్కుతో ఒకసారి వెతకండి. అడుగు అట్టకు కడ్డీ బిగించి ఉంటే దాన్ని కడిగి, చేసిచ్చినవాళ్లకు తిరిగి ఇచ్చేయండి.